అబూ రాషిద్ వినాలనుకున్న చప్పుడు

నా పేరు మస్తాన్ వలీ. మాది రాయచోటి దగ్గర ఒక పల్లె. సౌదీలో తబూక్ అనే ఊళ్ళో పదకొండేళ్ళు పికప్ బండి నడిపాను. ఊరి బయట షెడ్లూ వర్క్‌షాపులూ ఉండే పేటను అక్కడ సనాయియా అంటారు. అందులో అబూ రాషిద్ అనే పెద్దాయన షాపు మాది. చుట్టుపక్కల గోధుమ పొలాలకు నీళ్ళు పెట్టే మిషన్లు, బోరు పంపులు చెడిపోతే మా దగ్గరికి వచ్చేవి. ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి కాదు, మా లేతు మిషన్ మీద పని చేసిన రాజేశమన్న సంగతి. అయితే ఇందులో తప్పు కొంత నాది కూడా కాబట్టి, చెప్పాల్సిన బాధ్యతా నాదే అనుకుంటున్నాను.

ఆయన్ని నేను మొదట చూసింది జెద్దాలో, షరఫియా అనే పేటలో. అది నితాఖత్ చట్టం వచ్చిన ఏడు, రెండువేల పదమూడు. కంపెనీలో తగినంతమంది సౌదీవాళ్ళు లేకపోతే ఆ కంపెనీ రెడ్‌లో పడేది, అందులో పనివాళ్ళకు ఇఖామా, అంటే దేశంలో ఉండటానికిచ్చే కార్డు, రెన్యువల్ అయ్యేది కాదు. గడువులోగా ఇంకో కఫీల్, అంటే పూచీ ఉండే యజమాని, దగ్గరికి మారాలి, లేదంటే ఇంటికి పోవాలి. షరఫియా మెస్సుల నిండా అట్లాంటి వాళ్ళే. నేను పంపు సామాన్ల కోసం తబూక్ నుంచి వచ్చి, ఒక మెస్సు ముందర బండి నిలిపి అన్నం తింటున్నాను. తిని బయటికొస్తే, నా బండిలో ఉన్న పంపు షాఫ్టును ఒకాయన వేలితో తడుముతూ నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని.

"ఏమన్నా, ఏం చూస్తాండావు?" అన్నాను.

"ఇది చేసినోడు తొందరపడ్డడు. చివరి కోత ఒకటి తక్కువ పెట్టిండు. మూడు నెలలకు మళ్ళ బేరింగు తింటది," అన్నాడు.

ఆ షాఫ్టు అంతకుముందే రెండు బేరింగులు తినేసి ఉంది. అందుకే దాన్ని జెద్దా దాకా మోసుకొచ్చాను. ఆ మాట విని, ఊరూ పేరూ అడిగి, అక్కడికక్కడే అబూ రాషిద్‌కు ఫోన్ చేశాను. లేతు పని తెలిసినవాడు దొరికాడనీ, మెట్‌పల్లి వైపు మనిషనీ, కఫీల్ రెడ్‌లో పడ్డాడనీ చెప్పాను. "తీసుకురా," అన్నాడాయన, ఇంకేమీ అడగలేదు. మా షాపు చిన్నది, రెడ్‌లో పడలేదు కాబట్టి గడువు ముగియడానికి ఆరు రోజుల ముందు రాజేశమన్నకు నకల్ అయింది, అంటే ఇఖామా అబూ రాషిద్ పేరు మీదికి మారింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు ఆయన మధ్యాహ్నం మా అందరికీ తనే వంట చేశాడు.

రాజేశమన్నది కమ్మరి పుట్టుక. ఇనుము ఆయన మాట వినేది. అరిగిపోయిన ముక్క చేతిలో పెడితే, అది కొత్తగా ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో చెప్పేవాడు. అబూ రాషిద్‌కు అది చూడటం ఇష్టం. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వచ్చి, లేతు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ కూర్చునేవాడు. రాజేశమన్నకు అరబ్బీ పది మాటలకు మించి రాదు, ఆయనకు తెలుగు ఎక్కడిది. పెద్ద మాట ఏదైనా ఉంటే నన్ను పిలిచేవాళ్ళు. ఆయన్ని రాజేశమన్న బాబా అని పిలిచేవాడు.

మూడేళ్ళు అట్లా గడిచాయి. రెండువేల పదహారులో అబూ రాషిద్‌కు చెవులు మందగించాయి. మొదట మేము గమనించలేదు. కుర్చీ లేతుకు దగ్గరగా జరుపుకుంటూ వచ్చాడు, అంతే. కొడుకు రాషిద్ ఆయన్ని జెద్దా ఆస్పత్రికి తీసుకుపోయాడు. నరం ఎండిపోతోందనీ, ఏడాది, మహా అయితే ఏడాదిన్నరలో పూర్తిగా పోతుందనీ, చెవిలో పెట్టే మిషన్ వల్ల పెద్ద ఉపయోగం ఉండదనీ డాక్టర్ చెప్పాడట. తిరిగొచ్చిన వారానికి ఆయన ఒక గుడ్డ మూట తెచ్చి లేతు పక్కన బల్ల మీద పెట్టాడు. విప్పితే పాత రివాల్వర్. పిడికి తాపడం చేసిన కట్టె నల్లబడింది. ఇనుము మాత్రం నూనె పట్టించి భద్రంగా ఉంచారు.

"ఇది మా తాతది. తుర్కీ సైనికులు ఈ దేశం వదిలి రైలెక్కి వెళ్ళిపోయే రోజుల్లో ఒక అధికారి రెండు ఒంటెలు తీసుకుని ఇది ఇచ్చిపోయాడు. దీనికి పోలీసుల కాగితం ఉంది, భయపడకండి," అన్నాడు.

తర్వాత చెప్పిన సంగతి నేను రాజేశమన్నకు తెలుగులో చెప్పాను. అబూ రాషిద్ తన ఏడేళ్ళప్పుడు మేకలు తోలుకుపోయి దుమ్ము తుఫానులో చిక్కుకున్నాడు. తన చెయ్యి తనకే కనబడని దుమ్ము. ఎటు నడవాలో తెలీక ఒక మేకను పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు దూరంగా ఒక చప్పుడు వినబడింది. కాసేపటికి ఇంకొకటి. తాత గుడారం ముందు నిలబడి, పిల్లవాడు విని వస్తాడని ఆగి ఆగి కాలుస్తున్నాడు. ఆ చప్పుడు పట్టుకుని నడిచి ఇల్లు చేరాడు. అప్పటికి తాత దగ్గర ఉన్న తూటాలన్నీ అయిపోయాయి. అట్లాంటివి మళ్ళీ దొరకలేదు. ఆ రివాల్వర్ ఆ తర్వాత ఇక పలకలేదు.

"చెవులు పోకముందు దాని గొంతు ఒకసారి వినాలి. అంతే నా కోరిక," అన్నాడు.

ఊళ్ళో లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణం ఒకటి ఉంది. దాన్ని నడిపేవాడు సైన్యంలో పనిచేసి దిగిన ముసలాయన. అబూ రాషిద్ అప్పటికే ఆయన్ని అడిగాడు. ఇప్పటి తూటాలు దీంట్లో పెడితే పాత ఇనుము పగిలిపోతుందట. దీనికి పాతకాలపు మందే కావాలి, బొగ్గుపొడిలా నల్లగా ఉండి తెల్లటి పొగ పెట్టేది. పైగా మందు నింపే తూటా తొడుగులు ఈ కొలతకు ఇక్కడెక్కడా తయారు కావు. "ఎవరైనా మంచి చేతివాడు ఇత్తడి తొడుగులు ఆరు చేసిస్తే, మిగిలింది నా కాగితాల మీద, నా దుకాణంలో నేను చూసుకుంటాను" అన్నాడట ఆయన.

అబూ రాషిద్ మంచి చేతివాడి వైపు చూశాడు. రాజేశమన్న రివాల్వర్‌ను తాకలేదు. "చూసి రేపు చెప్త అను," అన్నాడు నాతో. అబూ రాషిద్ దాన్ని బల్ల మీదే వదిలి వెళ్ళాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం జొహర్ నమాజుకు షాపు మూశాక అందరం రూములకు పోయాం. బండి తాళంచెవి మరిచిపోయి నేను వెనక్కి వచ్చాను. షట్టరు సగం దించి ఉంది. లోపల లేతు తిరుగుతోంది. రాజేశమన్న చిన్న ఇత్తడి కడ్డీ ముక్క బిగించి, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ, కోస్తున్నాడు. నేను పలకరించకుండా నిలబడ్డాను. అయిపోయాక దాన్ని గుడ్డతో తుడిచి, బల్ల మీది రివాల్వర్ అరలో వేశాడు. ఎక్కడా తడబడకుండా దిగి, అంచు దగ్గర ఆగింది. ఆయన ముఖంలో ఒక్క క్షణం కనిపించిన సంతోషం నేను చూశాను. చేతి పని సరిగ్గా కుదిరినప్పటి సంతోషం అది. వెంటనే ఆ తొడుగు బయటికి తీసి, పట్టకారుతో బిగించి, సుత్తితో చపటగా కొట్టి తుక్కు డబ్బాలో పడేశాడు. అప్పుడు నన్ను చూశాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

రాజేశమన్న కుర్చీలో కూర్చుని, వేళ్ళకంటిన ఇత్తడి పొడి దులుపుకుంటూ చెప్పాడు. వాళ్ళ నాయన కొలిమి పెట్టుకున్నవాడు. అడవి పందుల నుంచి చేలు కాపలా కాసేవాళ్ళ భర్మార్ నాటు తుపాకులు బాగుచేసేవాడు. ఊళ్ళోకి ఒక పక్క అన్నలు, ఒక పక్క పోలీసులు వచ్చే రోజులు. నాయన బాగుచేసిన తుపాకి ఒకటి ఎక్కడో ఎవరి చేతిలోనో దొరికింది. స్టేషనుకు తీసుకపోయారు. తొమ్మిది రోజుల తర్వాత ఇంటికొచ్చాడు గానీ, చేతి వేళ్ళు మళ్ళీ సుత్తి పట్టలేదు.

"నాకు పదమూడేండ్లు అప్పుడు. అన్నం నేను తినిపించేటోన్ని. ఇనుముతోని ఏ పనన్న చెయ్యి బిడ్డా, దాని జోలికి మాత్రం పోకు అన్నడు. ఇది గిట్ల తయారైతదా లేదా అని చెయ్యి ఆగలే, చేసి చూసిన. గంతే. మళ్ళ చెయ్య."

"ఆ మాటే చెప్దాం. ఆయన అర్థం చేసుకుంటాడు."

"చెప్పకు. పోలీసుల ముచ్చట, తుపాకుల ముచ్చట చెప్తే ఏమనుకుంటడో. బయట తఫ్తీష్ నడుస్తున్నది, కాగితాలు చూసి రోజుకొకన్ని పట్టుకపోతున్నరు. మన లేతు మీద అయ్యే పని గాదని చెప్పు. ముచ్చట తెగిపోతది."

అసర్ అయ్యాక అబూ రాషిద్ వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. రాజేశమన్న తల వంచుకుని తెలుగులో ఏదో అన్నాడు, నేను అరబ్బీలో చెప్పాను. "ఈ కొలత చాలా సన్నం బాబా. లేతు మీద కుదరదంటున్నాడు. ఎవరి వల్లా కాదంటున్నాడు." ఆ చివరి మాట రాజేశమన్న అనలేదు. మళ్ళీ మళ్ళీ అడగకుండా ఉండాలని నేను కలిపాను.

అబూ రాషిద్ రివాల్వర్‌ను గుడ్డలో చుట్టుకున్నాడు. "రాజేశం కాదన్నాడంటే ఇంకెవరి వల్లా కాదు," అన్నాడు. కోపం లేదు. ఆ తర్వాత కూర్చుని ఎప్పటిలాగే చాయ్ తాగాడు.

ఇక దేశంలో ఎవరినీ అడగలేదు. రాషిద్ కంప్యూటర్‌లో వెతికి, ఇట్లాంటి పాత తుపాకులకు కొలత ప్రకారం తూటాలు చేసిచ్చే వాళ్ళను ఎక్కడో విదేశంలో పట్టుకున్నాడు. కొలతలు పంపాడు. తెప్పించడానికి అనుమతి కావాలి, దానికి అర్జీ, ఆ అర్జీకి ఇంకో కాగితం. ఆరు నెలలు అనుకున్నది ఏడాది దాటింది.

ఆ ఏడాదంతా మేము ఆయన చెవులు పోవడం చూస్తూ ఉన్నాం. నేను మాట్లాడితే మొదట్లో ముఖం దగ్గరికి తెచ్చేవాడు, తర్వాత పెదాలు చూసేవాడు. అజాన్ అయిందని ఎదుటివాళ్ళు లేవడం చూసి తెలుసుకునేవాడు. ఒకరోజు లేతు ఆపేసి ఉంది, అయినా ఆయన కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు, తిరుగుతోందనుకుని. ఆ రోజు రాజేశమన్న నా చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

"వలీ, ఇప్పుడు చేసిస్త. ఆరు తొడుగులు, రెండు గంటల పని. మా నాయన ఉంటే ఆయన గూడ చెయ్యమనేటోడు."

"ఇప్పుడు చేస్తే అప్పుడెందుకు కాదన్నావని అడగరా?" అన్నాను. "ఎట్లాగూ ఆర్డర్ పోయింది. ఇంకో నెలలో వస్తాయంట. ఊరికే ఉండన్నా."

ఆ నెల నాలుగు నెలలయింది. నేను ఊరికే ఉండమనకపోతే ఆయన చేసేవాడు. ఇది నాకు బాగా తెలుసు.

రెండువేల పద్దెనిమిది జనవరి నుంచి ఒక్కో పరదేశి పనివాడి మీద కట్టాల్సిన లెవీ పెరిగింది. మా షాపులో మేం ఎనిమిది మందిమి, అందరం బయటివాళ్ళమే. లేతు దగ్గర నిలబడటానికి సౌదీ పిల్లలు ఎవరూ రాలేదు. అబూ రాషిద్ ఉన్నన్నాళ్ళు నడుపుదాం అన్నాడు గానీ, లెక్కలు చూసే రాషిద్ వల్ల కాలేదు. పక్క షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే మేమూ మా వంతు కోసం చూశాం. మార్చిలో షాపు మూసేస్తామని ఫిబ్రవరి మొదట్లోనే రాషిద్ చెప్పాడు. అందరికీ ఖురూజ్, అంటే ఫైనల్ ఎగ్జిట్. నన్ను మాత్రం జెద్దాలో వాళ్ళ బంధువు ఇంటికి డ్రైవర్‌గా మార్చాడు.

తూటాలు వచ్చింది ఫిబ్రవరి చివర్లో. చిన్న అట్టపెట్టె, లోపల పన్నెండు. తుపాకుల దుకాణం ముసలాయన కాగితాలు చూసి సంతకం పెట్టి, తనే అబూ రాషిద్ వాళ్ళ పొలానికి తెచ్చాడు. శుక్రవారం పొద్దున. అబూ రాషిద్ ఉతికిన తోబు, వాళ్ళ పొడుగు తెల్ల అంగీ, వేసుకుని వచ్చాడు. రాజేశమన్ననూ నన్నూ పిలిపించాడు. అప్పటికి ఆయనకు చెవుల్లో ఏమీ మిగల్లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే రాషిద్ ఫోన్‌లో పెద్ద అక్షరాలతో రాసి చూపించేవాడు.

ముసలాయన మొదటిది నేల మీద ఇసుక మూటల మధ్య బిగించి, తాడు కట్టి లాగి కాల్చాడు. ఇనుము గట్టిగానే ఉంది. తెల్లటి పొగ లేచింది. పొలం చివర ఉన్న పావురాలన్నీ లేచిపోయాయి. నేను తుపాకి చప్పుళ్ళు అరబ్బుల పెళ్ళిళ్ళలో విన్నాను, అవి పగిలినట్టు ఉంటాయి. ఇది అట్లా లేదు. బరువుగా, లోతుగా ఉంది, ఎవరో పెద్ద గొంతుతో ఒక్క మాట పిలిచినట్టు. అంత దుమ్ములో కూడా ఏడేళ్ళ పిల్లవాడికి ఎందుకు వినబడిందో నాకు అర్థమైంది.

అబూ రాషిద్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. పొగ చూశాడు. "అయిందా?" అని కొడుకును అడిగాడు. రాషిద్ తల ఊపాడు.

"ఇంకొకటి," అన్నాడు.

రెండోది కాల్చేటప్పుడు పక్కనున్న రేకు నీళ్ళ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాడు, అదురైనా తెలుస్తుందని. మూడోది తనే చేత్తో పట్టుకుని గాలిలోకి కాల్చాడు. అది పేలాక చాలాసేపు దించలేదు. తర్వాత రివాల్వర్ ముసలాయనకు ఇచ్చి, రాజేశమన్న దగ్గరికి వచ్చాడు.

"నువ్వు విన్నావు కదా. ఎట్లా ఉంది, చెప్పు," అన్నాడు.

రాజేశమన్న తనకొచ్చిన పది అరబ్బీ మాటల్లో, మిగతాది తెలుగులో, ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పాడు. "బాబా, నాతోని అయితుండె. అప్పుడే అయితుండె. చేసి చూసిన గూడ. నీకు అబద్ధం చెప్పిన."

అబూ రాషిద్ పెదాల వైపే చూశాడు. తెలుగు పెదాలు ఆయనకు ఏం తెలుస్తాయి. చప్పుడు ఎంత బాగుందో చెబుతున్నాడనుకున్నాడు. నవ్వి, "జైన్, జైన్," బాగుంది బాగుంది అని రాజేశమన్న చెంప మీద రెండుసార్లు తట్టాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

రాషిద్ పది అడుగుల దూరంలో ఉన్నాడు, చేతిలో ఫోన్. రాజేశమన్న నా వైపు తిరిగాడు.

"వలీ, రాషిద్‌కు చెప్పు. రాసి చూపిస్తడు. గిప్పుడు చెప్పకపోతే ఇగ లేదు."

"వద్దన్నా," అన్నాను. "ఖురూజ్ కాగితాలు ఇంకా రాషిద్ చేతిలోనే ఉన్నాయి. పోయే ముందు గొడవెందుకు."

ఆయన నన్ను బతిమాలలేదు. తలపాగా గుడ్డతో ముఖం తుడుచుకుని బండి ఎక్కాడు. మూడు వారాల తర్వాత నేనే ఆయన్ని విమానాశ్రయంలో దించాను. అబూ రాషిద్ కూడా వచ్చాడు, ఖర్జూరాల పెట్టె ఒకటి, కొలతలు తీసే కొత్త వెర్నియర్ ఒకటి ఇచ్చాడు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, రాజేశమన్న తల ఊపుతూనే ఉన్నాడు. మాట మార్చి చెప్పమని ఇద్దరూ నన్ను అడగలేదు.

ఆ మరుసటి ఏడు చలికాలంలో అబూ రాషిద్ పోయాడు. నేను జెద్దా నుంచి తబూక్‌కు వెళ్ళాను. మూడు రోజులు జనం వచ్చిపోయాక, నాలుగో రోజు రాషిద్ ఒంటరిగా కూర్చున్నప్పుడు జరిగింది చెప్పాను. తొడుగు కుదిరిన సంగతి, రాజేశమన్న నాయన చేతుల సంగతి, పొలంలో ఆయన ఒప్పుకున్న సంగతి, నేను ఆపిన సంగతి. ఎవరి వల్లా కాదన్న మాట నాదే అని కూడా చెప్పాను.

రాషిద్ తన గావా, అంటే అరబ్బీ కాఫీ, కప్పు అంచు మీద వేలు తిప్పాడు.

"భయం వేసి చేయనన్నాడంటే నాన్న ఒక్క మాట కూడా అనేవాడు కాదు," అన్నాడు. "ఇంకొకర్ని వెతికేవాడు. రియాద్‌లో లేతులు లేవా, మనుషులు లేరా. ఎవరి వల్లా కాదని మీరు చెప్పారు, ఆయన నమ్మాడు. అందుకే ఇక్కడ వెతకలేదు."

నేను తల ఎత్తలేదు. ఆయన లేచి ఇంకో కప్పు గావా పోసి నా ముందు పెట్టాడు.

ఆ సాయంత్రమే రాజేశమన్నకు ఫోన్ చేశాను. కోరుట్లలో ఒక మోటార్ల షాపులో లేతు మీద ఉంటున్నాడు. రాషిద్ అన్న మాటలు మార్చకుండా, ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పాను. అవతల మిషన్ ఆపిన చప్పుడు వినిపించింది.

"గట్లనే అంటడు," అన్నాడు. "నేనైనా గట్లనే అందును."

"ఎవరి వల్లా కాదని అన్నది నేనన్నా. నువ్వు అనలేదు."

"నువ్వన్నవు. నేను పక్కనే నిలవడ్డ. గా మాటకు అరబ్బీల ఏమంటరో నాకు తెల్వదా వలీ. అప్పటికే మూడేండ్లు ఉంటి."

ఆ తర్వాత రెండు నెలలు ఆయన నుంచి ఫోన్ లేదు. రంజాన్ మొదటి రోజు తనే చేశాడు, ముబారక్ చెప్పాడు. ఎండలు ఎట్లున్నాయని అడిగాడు. వాళ్ళ షాపులో కరెంటు సరిగ్గా ఉండటం లేదన్నాడు. కొడుకు లేతు నేర్చుకుంటానంటే వద్దని, మోటారు వైండింగ్‌లో పెట్టానన్నాడు. కాసేపు అట్లాంటివే మాట్లాడుకుని పెట్టేశాం.